మా అవ్వ ఏడ్చిన సినిమా

మా ఇంట్లో సినిమాలు చూసే అలవాటు లేదు. శనివారం ఒక్కపొద్దు, సాయంత్రం దీపం, పండుగనాడు నలుగురం కూర్చుని భజన, అంతే మా కాలక్షేపం. అటువంటి ఇంట్లో బీరువా పైఅరలో, పట్టుచీరల కింద ఒక సినిమా సీడీ ఉంది. దాని అట్ట మీద ఒకడు నెత్తురోడుతూ గొడ్డలి ఎత్తి నిలబడ్డాడు. వెనుక మంటలు. కింద మూలకు ఒంటి మీద సరిగా బట్టలేని ఒక అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయి సినిమాలో ఎక్కడా కనిపించదు కూడా. నోములకు, వ్రతాలకు వచ్చిన చుట్టాలు కట్టుకునేందుకు చీర తీయబోతే దాన్ని చూసి నా మొహం చూస్తారు. నేనేమీ చెప్పను. చెప్పాలంటే ఇదంతా చెప్పాలి.

ఆ సినిమా తీసింది మా వాకిట్లోనే. అందులో మా అవ్వ ఏడ్చింది.

మా దిక్కు తల్లిని అవ్వ అంటాం, తండ్రిని బాపు అంటాం. మంచిర్యాలకు పోయే తొవ్వలో, గోదావరికి ఇవతల, మాది చిన్న పల్లె. చిన్నతనంలో కీళ్ల జ్వరం వచ్చి నేను బడికి పోలేకపోయాను. బాపే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, పలక పట్టుకుని నా మంచం పక్కన కూర్చునేవాడు. ఆయనకు వచ్చిందంతా నాకు నేర్పాడు. పురాణం చదివి వినిపించమని పండుకుని కళ్లు మూసుకునేవాడు. ఒక్క అక్షరం తప్పు చదివితే కళ్లు తెరిచేవాడు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. రోజూ దీపం పెట్టేటప్పుడు ముందు ఆయనకు మొక్కి, తరువాత దేవునికి మొక్కుతాను. దేవుడు ఏమీ అనుకోడనే నా నమ్మకం.

అవ్వకు అక్షరం రాదు. ఆమెకు వచ్చిన విద్య ఏడుపు.

మా ఊళ్లలో చావు జరిగిన ఇంట ఊరికే కన్నీళ్లు కారిస్తే ఏడ్చినట్టు కాదు. రాగం తీసి, మాట కట్టి, పోయిన మనిషి ఎదురుగా కూర్చున్నట్టు మాట్లాడుతూ ఏడవాలి. వాళ్లు చేసిన మంచి, పెట్టిన కష్టం, ఇష్టంగా తిన్నది, ఆఖరికి అడిగి దొరకనిది, అన్నీ అందులోకి రావాలి. కోడలు అత్తను ఏడ్చేటప్పుడు బతికుండగా నోటికి రాని మాట అనేస్తుంది. ఏడుపులో అన్న మాటకు తగవు లేదని పెద్దలు పెట్టిన కట్టుబాటు. దానికి జోడుగా ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. ఏడుపులో అబద్ధం చెప్పరాదు. దీవెన అయితే దీవెన, కోపం అయితే కోపం.

ఈ విద్యలో అవ్వకు చుట్టుపక్కల ఊళ్లలో పేరు. ఎవరికీ పిడికెడు పెట్టని ఒక పెద్దరైతు పోతే అవ్వ పోయి ఏడ్చింది. "ఓ పటేలా, గింజ రాలనియ్యని పటేలా, ఇయ్యాల నీ మీదికెల్లి గంపెడు పేలాలు సల్లుతుండ్రు, లేసి ఏరుకో పటేలా" అన్నది. కొడుకులు కూడా తలలు వంచుకుని ఏడ్చారట తప్ప కోపగించుకోలేదు. నిజమే కదా మరి.

అటువంటి అవ్వ మా బాపు పోయినప్పుడు ఏడవలేదు. దానికి కారణం నేను.

నా తొలికాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. పురుడు ఇంకా వెళ్లలేదు. పగటిపూట బాపు చేను నుంచి వచ్చి, ఛాతీలో పట్టేసినట్టుందని అరుగు మీద కూర్చుని, అక్కడే ఒరిగిపోయాడు. వెనుక గదిలో తలుపు వేసుకుని నేను బిడ్డకు పాలిస్తున్నాను. పచ్చి బాలింత శోకం వింటే పాలు వెనక్కి పోతాయని మా పెద్దవాళ్ల భయం. ఆ భయంతోనే అందరూ అవ్వ నోటి మీద చేయి పెట్టారు. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకున్నదట. డప్పు కూడా ఊరు దాటినాకనే మోగింది. నాకు మాత్రం బాపును కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారని చెప్పారు. నేను అక్కడే మంచంలో కూర్చుని, ఆయన తొందరగా కోలుకోవాలని మొక్కుకున్నాను.

అవ్వ బాలింతకు పెట్టే కాయం ముద్ద చేతిలో పట్టుకుని నా గదిలోకి వచ్చినప్పుడు ఆమె చేతులు చూశాను.

"అవ్వా, నీ గాజులేవి?"

"పాలు తాపు ముందుగాల."

"బాపేడి?"

"పిల్ల ఏడుస్తుంది. పాలు తాపుమంటున్న గదా!"

తాపాను. పాలు వచ్చాయి. నా బిడ్డ ఆ పాలతోనే పెరిగింది. ఆ పాలకు ఏం ఖర్చు పడిందో ఆ తరువాత నెమ్మది నెమ్మదిగా తెలిసింది. దినాలు అయిపోయినాక శోకం పెట్టడం ఇంటికి మంచిది కాదంటారు. అందుకే అవ్వ బాపును ఎప్పటికీ ఏడవలేదు. ఊళ్లో అందరిళ్లకు పోయి అందరి కోసం ఏడ్చి వచ్చేది. వచ్చి తలస్నానం చేసి, బాపు ఫోటో ముందు కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వంటింట్లోకి పోయేది. ఆమెకు నా మీద కోపం ఉందా అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. ఆమె చూపు చూసి ఊరుకునేదాన్ని.

ఆమెను ఒంటరిగా వదలలేక నేనూ మా ఆయనా అక్కడే ఉండిపోయాం. నా బిడ్డ బడికి పోతున్న రోజుల్లో సినిమావాళ్లు వచ్చారు.

ముందు వచ్చింది కరీంనగర్ మనిషి. సినిమాలకు ఇండ్లు, జీపులు, మనుషులను కుదిర్చే పని అతనిది. పెద్ద వాకిలి, పాత కాలపు అరుగులు, నడుమ తులసి గద్దె ఉన్న ఇల్లు కావాలని తిరుగుతున్నాడు. అవ్వను పెద్దమ్మా అని, నన్ను అక్కా అని పిలిచి, చాయ తాగి, మంచివాడనిపించుకున్నాడు.

"ఏం కథ కొడుకా?" అని అవ్వ అడిగింది.

"ఇంటి కథ పెద్దమ్మా. అన్నదమ్ముల కథ."

అన్నదమ్ముల కథ అనగానే అవ్వ సరే అన్నది. తీరా చూస్తే మొదటి రోజే బకెట్లతో నెత్తురు దించారు. చక్కెర పాకంలో రంగు కలిపి చేసిన నెత్తురు. నేను పొద్దున ముగ్గు పెట్టిన చోట దాన్ని పారబోశారు. వాళ్లు పోయిన తరువాత కూడా చాలా రోజులు మా వాకిలి నిండా చీమలు. అవ్వ ఆ కరీంనగర్ మనిషిని నిలదీసింది.

"ఏంది కొడుకా, అన్నదమ్ముల కథంటివి?"

"అన్నను సంపుతరు, తమ్ముడు పగ తీసుకుంటడు. అన్నదమ్ముల కథనే గదా పెద్దమ్మా!"

అవ్వకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. కానీ ఆ సినిమావాళ్లను చూస్తే కసరబుద్ధి కాలేదు. డైరెక్టరు బక్కపలుచటి మనిషి, వచ్చినప్పటి నుంచి అదే చొక్కా. అందరితోపాటు నేల మీద కూర్చుని అన్నం తినేవాడు. హీరో కూడా పెద్దవాడేమీ కాదు, ఎక్కడో జిమ్ములో కసరత్తు నేర్పే మనిషట. చేతికి నిజంగానే దెబ్బ తగిలితే మా ఇంట్లో పసుపే పెట్టించుకున్నాడు.

చచ్చిపోయిన అన్నను వాకిట్లో పడుకోబెట్టి తల్లి ఏడ్చే ఘట్టం ఒకటి ఉంది. తల్లి వేషానికి పట్నం నుంచి ఒకామె వచ్చింది. కంట్లో ఏదో మందు వేసుకుని, ఛాతీ మీద కొట్టుకుంటూ "నాయనా, నాయనా" అన్నది. ప్రహరీ మీద నుంచి ఊరంతా చూస్తోంది. మా పక్కింటి వదిన పుసుక్కున నవ్వింది.

"గిదేం ఏడ్పే, గొంతుల ఈగ వడ్డట్టు!"

మిగతావాళ్లూ నవ్వారు. పాపం ఆ పట్నపామె ముఖం మాడిపోయింది. అవ్వ ముందుకు పోయి ఆమెకు మంచినీళ్లు ఇచ్చి, "ఏడ్పంటే గట్ల కాదు బిడ్డా. పోయినోనితోని ముచ్చట వెట్టాలె. ఆయన ఏం తినేటోడు, ఎట్ల నడిచేటోడు, గది రావాలె" అని చెప్పింది. చెబుతూ చెబుతూ ఒక చరణం రాగం తీసింది. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

తల్లి వేషంలో అవ్వనే ఏడవమని ఆయన అడిగితే నేను వద్దన్నాను. అవ్వా వద్దన్నది. ఆమె చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "సావు లేని ఇంట్ల శోకం వెడితే, ఆ శోకం మనిషిని ఎతుక్కుంటది."

డైరెక్టరు బతిమిలాడాడు. "అమ్మా, మా దగ్గర ఉన్న ఫిల్మే కొంచెం. ఈ ఒక్క సీను బాగా వస్తే నా సినిమా నిలబడుతుందమ్మా."

అవ్వ లోపలికి పోయి దేవుని గూటి ముందు చాలాసేపు కూర్చున్నది. బయటికి వచ్చి నాతోనే మాట్లాడింది, వాళ్లతో కాదు.

"మీ బాపు కోసం ఏడుస్త. ఆయన పోయినోడే గదా. శోకానికి మనిషి ఉన్నడు."

ఆమె నా భుజం మీద చేయి వేసి, "నువ్విప్పుడు బాలింతవు కావు గదా" అన్నది.

బాపు ఫోటోను గోడ మీద నుంచి దించి, కెమెరా పక్కన ఎత్తుపీట మీద పెట్టించింది. నట్టనడుమ శవం వేషం వేసిన మనిషి పడుకున్నాడు. నాటకాలాడి సినిమాలకు వచ్చిన నడివయసు మనిషి. అవ్వ అతని తల దగ్గర కూర్చుంది కానీ చూపు ఫోటో మీదే. వాకిలి తలుపు దగ్గర నిలబడితే కెమెరాలో పడతానని నన్ను వంటింట్లోకి పంపారు. వంటింటి వెనుకనే జనరేటరు బండి. దాని చప్పుడుకు గోడ వణుకుతోంది. ఆ చప్పుడులోంచి అవ్వ గొంతు లేచింది.

"ఓ నా ఇంటాయనా..."

ఆ తరువాత ముక్కలు ముక్కలుగా వినపడింది. చేను అన్నది. పలక అన్నది. చద్దన్నంలో ఉల్లిగడ్డ అన్నది. నడుమ ఒకసారి "బిడ్డ" అని వినపడింది. నా గురించే. చెవి గోడకు ఆనించాను. జనరేటరు తప్ప ఏమీ వినపడలేదు. అప్పుడు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను, అంతా సినిమాలో పడుతోంది కదా, తరువాత నిమ్మళంగా వినొచ్చని.

ఊరంతా అదే అనుకుంది. ఏడుపును చెవిపెట్టి వినే ఊరు మాది. ఎవరు ఏ మాట అన్నారో దినాల దాకా చెప్పుకునే ఊరు. ఆ రోజు మాత్రం ఒక్కరూ వినలేదు. తరువాత పక్కింటి వదినను అడిగితే, "ఏడ విన్ననే! ఆ లైట్లు జూసుకుంటనే ఉన్న. సినిమాల వడ్డది గదా, ఆరాంగ ఇందం తియ్" అన్నది.

అవ్వ ఏడుపు జరుగుతుండగానే కట్ అని అరుపు. బయటికి వచ్చి చూస్తే లైట్లు పట్టుకున్నవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. అసలు సంగతి ఏమంటే శవం ఏడ్చింది. పడుకున్న మనిషి ఆపుకోలేకపోయాడు. మూసిన కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. అతను లేచి కూర్చుని అందరికీ దండం పెడుతున్నాడు.

"అమ్మా, ఇంకొక్కసారి చేద్దామమ్మా. శవం కళ్ళు తడిసిపోయాయి" అన్నాడు డైరెక్టరు.

అవ్వ బాపు ఫోటో వైపు చేయి చూపింది. "ఎన్నిసార్లు సావాలె బిడ్డా ఆయన?"

ఇంక ఆయన అడగలేదు. వంగి ఆమె కాళ్లకు మొక్కాడు. కెమెరా మనిషి, "పర్లేదు సార్, కళ్ళు తడిసిన దగ్గర హీరో మీదకి వెళ్ళిపోదాం" అన్నాడు. ఆ మాట నేను విన్నాను. అర్థం కాలేదు.

ఆ సాయంత్రం అవ్వ కడుపునిండా తిన్నది. బాపు పోయినాక అలా తినడం నేను చూడలేదు. ఫోటోను తుడిచి గోడకు పెట్టి, "ఇయ్యాల మీ బాపును సాగనంపిన" అన్నది. అప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"అవ్వా, నా ముచ్చట వచ్చినట్టు ఇనవడ్డది. ఏమన్నవు?"

"అన్న."

"ఏమని?"

"ఏడ్చినప్పుడు అన్నది మల్ల పొడినోటితోని చెప్తరానే? సినిమాల ఇను."

అది కూడా కట్టుబాటే. శోకం అప్పటిది అప్పుడే. శవం లేచినాక ఆ మాట తిరిగి చెప్పరు. నేను సినిమా కోసం ఎదురుచూడడం మొదలుపెట్టాను. సినిమా హాలు గడప తొక్కని నేను, రోజూ దీపం పెట్టి, ఆ గొడ్డళ్ల సినిమా బయటికి రావాలని మొక్కుకున్నాను. దేవుడు ఏమనుకున్నాడో.

హాళ్లు దాన్ని తీసుకోలేదు. ఏండ్లు గడిచాయి. ఇక రాదనుకున్నాక, మా ఆయన పత్తి అమ్మడానికి జమ్మికుంట పోయి, మార్కెట్ యార్డు బయట సీడీలు పరుచుకుని అమ్మేవాడి దగ్గర హీరో ముఖం గుర్తుపట్టాడు. హాళ్లలో ఆడనివి, తిన్నగా సీడీలుగా వచ్చినవి అక్కడ కుప్పలుగా ఉంటాయట. సినిమా పేరు మారింది. అట్ట మీద మా అవ్వ లేదు, మా ఇల్లు లేదు. ఇంటికి తెచ్చి నా చేతిలో పెట్టి, "నీ మొక్కు తీరింది, కొబ్బరికాయ కొట్టు" అన్నాడు. నిజంగానే కొట్టాను.

పక్కింటి వదిన కొడుకు దుబాయి నుంచి టీవీ, సీడీ పెట్టె తెచ్చాడు. వాటిని మా ఇంటికి మోయించాం. దేవుని గూటికి అడ్డంగా దుప్పటి కట్టాను. వాడకట్టంతా వచ్చింది. అవ్వను నడుమ కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ సినిమా గురించి ఎక్కువ చెప్పను. నరుకుడే నరుకుడు. మా రోటి మీద ఒకడి తల పెట్టి కొట్టారు. మా అరుగు మీద ఒకడి పేగులు తీశారు. తులసి గద్దె మీద చెప్పుకాలు వేసి ఒకడు చుట్ట కాల్చాడు. అది ఎప్పుడు తీశారో మాకు తెలియదు, తెలిస్తే ఊరుకునేవాళ్లమా. మనుషులు కిటికీలోంచి వాకిలి వైపు చూసి, మళ్లీ టీవీ వైపు చూస్తున్నారు. నేను కళ్లు మూసుకుని జపం చేసుకుంటున్నాను. నాకు కావలసింది ఒక్కటే.

"వచ్చింది, వచ్చింది, మీ అవ్వ!" అని వదిన నా తొడ మీద కొట్టింది.

కళ్లు తెరిచాను. తెర నిండా అవ్వ ముఖం, అడుగున శవం తల. ఎంత బాగుందో. ఆ చూపు బాపు మీద ఉన్న చూపని నాకు తెలుసు. నోరు తెరిచింది. వచ్చిన గొంతు అవ్వది కాదు.

"నాయనా! ఈ కన్నతల్లిని ఒంటరిదాన్ని చేసి వెళ్ళిపోయావా నాయనా!"

ఎవరో పట్నంలో కూర్చున్న ఆడమనిషి గొంతు. సన్నగా, శుభ్రంగా ఉంది. ఇంటాయనను ఏడ్చిన ఏడుపు కొడుకు మీది ఏడుపైంది. అవ్వ పెదవులు ఒకటి అంటుంటే ఆ గొంతు ఇంకొకటి అంటోంది. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఒరేయ్ చిన్నోడా! వాళ్ళ నెత్తురు కళ్ళజూసే దాకా నా కడుపుమంట చల్లారదురా! నరుకు! ఒక్కొక్కణ్ణీ నరుకు!"

బల్లి పిల్లను కూడా చీపురుతో బయటికి తోలే మనిషి మా అవ్వ. ఆమె కళ్లలో నిజం కన్నీళ్లు కారుతుండగా ఆమె నోట్లోంచి ఆ మాట వచ్చింది. ఆ వెంటనే తెర మీద హీరో గొడ్డలి అందుకున్నాడు.

అవ్వ మెల్లగా అడిగింది.

"గిది ఎవల గొంతు?"

"సినిమాల గంతే అత్తమ్మా, వేరేటోళ్లు మాట్లాడుతరు" అన్నాడు మా ఆయన.

"నేను గట్లన్ననా?"

"లే అవ్వా" అన్నాను.

"మరి నేనన్నది ఏది?"

ఆమె కుర్చీలోంచి లేచి, గూటికి కట్టిన దుప్పటి తీసి, దేవునికి దండం పెట్టుకుని లోపలికి పోయింది.

వాడకట్టు పిల్లలకు ఆట దొరికింది. అవ్వ బజారుకు పోతే వెనుక నుంచి సన్నగొంతుతో "నరుకు! ఒక్కొక్కణ్ణీ నరుకు!" అని అరిచేవాళ్లు. తల్లులు కసరబోయి తామే నవ్వేవాళ్లు. అవ్వ పట్టించుకోనట్టే ఉండేది. అన్నదమ్ములు గట్టు తగాదాలో ఉన్న ఒక ఇంట్లో పెద్దవాడు జబ్బుచేసి పోయాడు. ఎప్పటిలాగే అవ్వకు కబురు వచ్చింది. పోయింది, నేనూ వెంట పోయాను. శవం తల దగ్గర కూర్చుని "ఓ కొడుకా" అని రాగం ఎత్తింది. వెనుక వరుసలో ఎవరో గొణిగారు.

"ఇగ తమ్మున్ని నరుకుమంటది సూడు."

నవ్వు గట్టిగా రాలేదు. ముక్కుల్లోంచి వచ్చింది, అణుచుకున్న నవ్వు. అవ్వ నోరు మూసుకుంది. కాసేపు కూర్చుని, శవం కాళ్లకు మొక్కి, లేచి వచ్చేసింది. ఆనాటి నుంచి ఆమె ఎవరి కోసమూ ఏడవలేదు. కబురు వస్తే, "నాకు గొంతు లేదని చెప్పుండ్రి" అనేది.

నేను ఆ కరీంనగర్ మనిషి కోసం మా ఆయనను తిప్పాను. చివరికి ఫోన్లో దొరికాడు. గుర్తుపట్టాడు, అవ్వ బాగోగులు అడిగాడు. ఆ రోజు మా వాకిట్లో పట్టిన గొంతు ఎక్కడైనా ఉందా అని అడిగాను.

"గది ఉండదక్కా. అక్కడ వట్టినే పడతరు, డబ్బింగు చెప్పేటోళ్లకు దారి తెలుసుటానికి. అయిపోంగనే తుడిచేస్తరు."

"మరి అవ్వ గొంతే పెడితే ఏం పోయేది తమ్మీ? డైరెక్టరు కాళ్లు మొక్కిండు గదా."

అతను గొంతు తగ్గించాడు. "ఆయన పెడదామనే అన్నడక్కా. సినిమా కొనేటోళ్లు ఒప్పుకోలే. మన దిక్కు మాట కామెడీకి పెడ్తరు, రౌడీలకు పెడ్తరు. ఏడ్పుకు పెట్టరక్కా. జనం నవ్వుతరంటరు."

జనం ఎలాగూ నవ్వారు. ఆ మాట అతనితో అనలేదు. మంచిగా మాట్లాడినందుకు దండం చెప్పి పెట్టేశాను. పెట్టే ముందు, దగ్గర నుంచి విన్న ఆ శవం వేషం మనిషి సంగతి అడిగితే జాడ తెలియదన్నాడు; డైరెక్టరు ఏమయ్యాడని అడిగితే, సినిమాలు మానేసి ఊరికి పోయాడన్నాడు. ఆయన మీద నాకు కోపం నిలవదు. ఆయన వల్లనే కదా అవ్వ బాపును సాగనంపింది. ఆ ఒక్క సాయంత్రం ఆమె తిన్న అన్నానికి ఆయనకు నేను రుణపడి ఉన్నాను. నా కోపానికే మనిషి దొరకడు.

అవ్వను ఇంకా ఒకటి రెండుసార్లు అడిగాను. ఆఖరు రోజుల్లో, కాళ్లు పడుతూ అడిగాను.

"ఆనాడు నా ముచ్చట ఏమన్నవే అవ్వా?"

"ఏమో బిడ్డా. నా గొంతుతోపాటే పోయింది."

ఆమె పోయిననాడు ఆడవాళ్లంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఎవరైనా ఎత్తుకుంటారని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్తగా వచ్చిన కోడళ్లకు ఆ విద్య రాదు, వచ్చినవాళ్లు ముందే పోయారు. చదువుకున్న బిడ్డను కదా అని నా వైపు చూశారు. "అవ్వా" అన్నాను. రెండో మాట రాలేదు. పక్కింటి వదిన ముక్కు చీదుకుంటూ, "ఊరందర్ని ఏడ్చి తోలిచ్చిన మనిషికి ఏడ్చేటోళ్లు లేరాయెనే" అన్నది. ఆమె అన్న ఆ ఒక్క మాటే మా అవ్వకు దక్కిన శోకం.

ఇప్పుడు ఆ సినిమా ఫోన్లలో కూడా ఉంది. నా బిడ్డ చూపించింది. కింద మనుషులు ఏవేవో రాశారు. గొడ్డలి సీను అదిరిందని కొందరు. ఆ ముసలామెది అతి ఎక్కువైందని ఒకతను. చదివి బిడ్డ ఫోను బోర్లా పెట్టింది. నేను తిప్పి ఇంకోసారి చదివాను.

ఆమె లేని ఇంట్లో, మధ్యాహ్నం పూట, పని అయిపోయినాక నేను సీడీ పెట్టుకుంటాను. దేవుని గూటికి ఇప్పుడు దుప్పటి కట్టను, ఆయనా చూడనీ. గొంతు పూర్తిగా తగ్గించి, అవ్వ ముఖం వచ్చే చోటికి నడిపి, పెదవులు చూస్తాను. ఆమె మాట నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన మాట. కొంచెం కొంచెంగా పట్టుకున్నాను. చేను నుంచి వస్తివి. అరుగు మీద కూసుంటివి. మంచినీళ్లు తెచ్చేలోపల్నే పోతివి. లోపల బిడ్డ పచ్చి బాలింత, నోరు మూసుకున్న. పెదవులు కదిలినకొద్దీ నేనూ బయటికి అంటాను, ఒక్కో మాట. ఇంత దొరికినందుకు ఆ దేవునికి దండం పెట్టుకుంటాను. దొరకని వాళ్లు ఎంతమంది.

నోరు మూసుకున్న అన్న ఆ మాట తరువాత ఆమె ఊపిరి తీసుకుని, ఫోటో మీద నుంచి చూపు తిప్పి వంటింటి దిక్కు చూస్తుంది. నేను ఉన్న దిక్కు. పెదవులు విడివడతాయి. దీవెనే అయి ఉంటుందని మా ఆయన అంటాడు, నా బిడ్డ అంటుంది, వదిన అంటుంది. వాళ్లెవరూ వినలేదు. సరిగ్గా అక్కడే శవం కళ్లు తడిశాయి. అవ్వ ముఖం పోతుంది, హీరో గొడ్డలి అందుకుంటాడు.